కన్నం వైపు పడుకున్న కుప్పమ్మ

కుప్పమ్మకు పామంటే ఎంత భయమో పాకాలలో మా వీధికంతా తెలుసు. ఆమె మొగుడు చెనిక్కాయ చేలో పాము కరిచి పోయాడు. అప్పటినుంచి తమ్ముడు మునిరామయ్య ఇంట్లోనే ఉండి, విస్తరాకులు కుట్టి అమ్మేది. ఆకుల కట్టను కర్రతో తట్టందే విప్పేది కాదు. "అత్తా, నీ ఎనకాల సూడు" అని తమ్ముడి కొడుకు దామోదరం ఆటపట్టిస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో పడిన వానలకు ఆ ఇంటి లోపలిగదిలో గోడ అడుగున కన్నం పడింది. మునిరామయ్య మట్టితో పూడ్చాడు. తెల్లారేసరికి తెరుచుకుని ఉంది. మళ్లీ పూడ్చాడు. మళ్లీ తెరుచుకుంది. ఈసారి దాని ముందు కొబ్బరిచిప్పలో పాలు. ఎవరు పెట్టారో తెలియదు. కాట్పాడి రైలు పోయినప్పుడల్లా గోడ అదిరి కన్నంలోంచి మట్టి రాలేది. పాము వస్తుందేమోనని అందరూ అటే చూసేవాళ్లు.

పడకలన్నీ తిన్నె మీదికి మారాయి. మునిరామయ్య కూతురు, పన్నెండేళ్ల సుగుణ మాత్రం రానంది. అంతకుముందు కొన్ని నెలలుగా ఆ పిల్ల అన్నం సరిగా తినేది కాదు. పొద్దుగూకితే తల్లి కొంగు వదిలేది కాదు. పక్క తడిపేది. అలాంటి పిల్ల ఇప్పుడు ఆ గదిలో ఒంటరిగా, ఆదమరిచి నిద్రపోతోంది. ఎత్తుకొచ్చి తిన్నె మీద వేసినా మళ్లీ లోపలికి పోయేది.

"బిడ్డ మీద నాగమ్మ వాలినాది" అంది తల్లి పంకజాక్షి. పాములవాణ్ణి పిలిపించి, కన్నాన్ని సిమెంటుతో మూసేద్దామనుకున్నారు.

ఆ పొద్దు పక్కింట్లో ఉండే నేను వాళ్ల తిన్నె మీద కూర్చుని కుప్పమ్మకు ఈనెపుల్లలు చీల్చి ఇస్తున్నాను. సుగుణ ఆకులు అందిస్తోంది. దాని గోళ్లలో ఎర్రమట్టి ఉంది. అది గోడ మట్టి. కుప్పమ్మ చెయ్యి ఆగిపోయింది.

"బొక్క నువ్వే తవ్వుతాండావా, తల్లీ?"

పిల్ల అవునని తల ఊపింది.

"పాముకు భయం లేదా నీకు?"

"పాముంటే అన్న లోపలికి రాడత్తా."

కుప్పమ్మ కుడుతున్న విస్తరి పక్కన పెట్టింది. గొంతు మాత్రం పెంచలేదు.

"అన్న వచ్చి నిన్ను ముట్టుకుంటాడా?"

"ఎవరికన్నా చెప్తే అమ్మ సచ్చిపోతాదన్నాడు."

"అమ్మ సావదు. నువ్వు చెప్పింది నేను నమ్మినాను. నీ తప్పు ఇంత కూడా లేదు." ఇంకేమీ గుచ్చి అడగలేదు. పిల్లను పక్కకు లాక్కుని కూర్చుంది.

పంకజాక్షి మొదట నమ్మలేదు.

"మా తిండి తింటా, నా కొడుకు మీద ఇంత మాటా, వదినా?"

"వాణ్ణి సంకనేసుకుని తిరిగింది నేనే, పంకజా. నాకు మాత్రం నోరొస్తాదా? నీ బిడ్డ పాముకన్నా వాడికి భయపడతాండాది. పోయి దాని మొగం సూడు."

పంకజాక్షి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి బయటికొచ్చి గడప మీద కూలబడింది.

మునిరామయ్య నిలదీస్తే దామోదరం తల ఎత్తలేదు. "సత్యవేడులో మీ మామ కాడికి తోలేస్తా" అన్నాడు తండ్రి.

"ఆడ కూడా ఆడపిల్లలుండారు, అబ్బయా. ఆ ఇంటికి వద్దు. నీ కండ్ల ముందరే పెట్టుకో" అంది కుప్పమ్మ. మునిరామయ్య తాను కాపలా కాసే చింతపండు గోడౌనుకే కొడుకును తీసుకుపోయాడు. దామోదరం మళ్లీ ఆ ఇంట్లో పడుకోలేదు.

కన్నం మూయబోతే సుగుణ ఏడ్చింది. "ఉండనీండి. బిడ్డకు మనసైనప్పుడు అదే మూసుకుంటాది" అంది కుప్పమ్మ. అప్పటినుంచి సుగుణకు ఒక పక్క తల్లి, ఒక పక్క మేనత్త పడుకునేవాళ్లు. కుప్పమ్మది కన్నం వైపు. కొన్ని పొద్దుల్లో చిప్పలో పాలు ఉండేవి కావు. పిల్లి తాగిందేమో. కుప్పమ్మ ఎవరికీ చెప్పకుండా చిప్ప కడిగి పెట్టేది.

చెనిక్కాయలు పీకే కాలానికి సుగుణే మట్టి పిసికి తెచ్చింది. మూసేముందు కన్నం దగ్గరికి వంగి, "ఇంక నువ్వు పో" అంది మెల్లగా. కుప్పమ్మ కూడా గోడను కర్రతో ఒకసారి తట్టి, ఆ మట్టి మీద అరచెయ్యి పెట్టి మెత్తింది.