జర్మనీ వాళ్లను రాజీ చేసిన రోజు

బోధన్‌లో మా చర్చి ఉన్న సందు ఇరుకు. హైదరాబాదులో కచేరీ ముగించుకుని, మా సంఘం పిలిస్తే ఒక పూట వాయించడానికి వచ్చిన జర్మన్ ఆర్కెస్ట్రా వాళ్ల బస్సు రోడ్డు మీదే ఆగిపోయింది. ఇరవై మంది దాకా ఉన్నారు. అన్నీ తీగల వాయిద్యాలే. చిన్నవి చంకన పెట్టుకుని నడిచొచ్చారు. మనిషికన్నా ఎత్తున్న పెద్ద వయొలిన్‌నూ, దాన్ని వాయించే బట్టతల పెద్దమనిషినీ మా మామ ఆటోలో తెచ్చాడు. వాయిద్యం మెడ బయటికి పొడుచుకొచ్చింది. పెద్దమనిషి దాన్ని కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అనుకున్నాను. మామ ఆటో ఎక్కినవాళ్లు చాలామంది చేస్తారు.

మామ వాళ్లను గేటు దగ్గర దింపి ఆటోలోనే కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

మామ మా చర్చి కోయిర్‌లో డోలక్ వాయించేవాడు. కోయిర్‌ను నడిపేది మా పెద్దబాపు. పెద్దమ్మకు మామ సొంత తమ్ముడు. ఈస్టర్ ముందు, ఒక కీర్తన ఎంత వేగంగా పాడాలన్న దగ్గర బావకూ బామ్మర్దికీ చెడింది.

"ఆటో నడిపినట్టు కొడుతున్నవ్ రా. సంఘం ఎక్కకముందే పాట పోతున్నది" అన్నాడు పెద్దబాపు.

"నీది చెరుకు బండి బావా. ఫ్యాక్టరీ చేరేసరికి చెరుకు ఎండిపోతది" అన్నాడు మామ.

అంతటితో డోలక్ చర్చి బీరువా ఎక్కింది, మాటలు బందయ్యాయి. ఆదివారాలు పెద్దమ్మ ఇంట్లో తమ్ముడికి ముందొకసారి, భర్తకు తర్వాతొకసారి అన్నం పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు సాయంత్రం జర్మనీ వాళ్లతో కలిసి మా కోయిర్ పాడవలసింది కూడా ఆ కీర్తనే. ఇద్దరూ ఒకచోట నిలబడితే చూడాలని పెద్దమ్మ ఉపవాసముండి ప్రార్థించింది. ఆమెతో నేనూ మోకరించాను. ప్రభువు వింటాడని నాకు అనుమానం లేదు. ఏ దారిన వింటాడన్నదే తెలియదు.

మధ్యాహ్నం వాళ్లు అభ్యాసం మొదలుపెట్టారు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపే మనిషి లేడు. ముందు కూర్చున్న వయొలిన్ ఆవిడ ఊపిరి పీల్చింది, అందరూ ఒక్కసారే అందుకున్నారు. కాసేపు పరలోకం మా చర్చి కప్పు దాకా దిగివచ్చినట్టుంది. అంతలో ఆపేశారు. వయొలిన్ ఆవిడ ఏదో అంది. బట్టతల పెద్దమనిషి కాదన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన లేచాడు. గొంతులు పెరిగాయి. పెద్దమనిషి మెడ ఎర్రబడింది, చేతిలో కమాను గాలిలో ఆడింది. తర్జుమా చేసే హైదరాబాదు అమ్మాయి పాస్టరమ్మ ఇంటికి భోజనానికి పోయింది. మాలో ఎవరికీ జర్మన్ ముక్క రాదు.

స్త్రీల సమాజం అధ్యక్షురాలైన మా పెద్దమ్మ మిర్చి బజ్జీల పళ్లెంతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏమైందే?"

"కొట్లాడుకుంటున్నరు పెద్దమ్మా."

"ప్రభువు బల్ల ముంగటనా?"

సహోదరునితో తగాదా ఉంటే కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు పోయి సమాధానపడమన్న ప్రభువు మాటను చిన్నప్పుడు మాకు నేర్పింది ఆమే. సంగీతం కూడా కానుకే కదా. ఆ లెక్కన వీళ్లు సమాధానపడితే తప్ప కచేరీ లేదు.

పళ్లెం నా చేతికిచ్చి ఆమె నేరుగా మధ్యకు నడిచింది. వయొలిన్ ఆవిడ చెయ్యి పట్టుకుని పెద్దమనిషి చేతిలో పెట్టింది. రెండు చేతుల మీదా తన చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. పెద్దమ్మ ప్రార్థన పొట్టిగా ఉండదు. బోధన్ నుంచి బయలుదేరి, నిజామాబాద్ మీదుగా, పాలకులందరినీ దీవించి జర్మనీ చేరింది. ఆర్కెస్ట్రా అంతా తలలు వంచి నిలబడింది. ఆమేన్ అనగానే ఇద్దరి నోట్లో చెరో బజ్జీ పెట్టింది. పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. సమాధానం వల్లనో, మిర్చి వల్లనో చెప్పలేను.

తర్జుమా అమ్మాయి పరుగున వచ్చి సంగతి విని తల పట్టుకుంది. "వాళ్లు కొట్లాడలేదండీ. పని చేసుకుంటున్నారు" అంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొందరు విద్యార్థులు ఆ ఆర్కెస్ట్రా పెట్టుకున్నారట. ఒక్కడు చెయ్యెత్తితే దేశమంతా కదలడం చూసి చూసి విసిగిపోయి, తమ మీద ఎవరినీ పెట్టుకోలేదట. ఆనాటి నుంచి ప్రతి స్వరం గురించీ ఎవరైనా మాట్లాడొచ్చు. అందరూ ఒప్పుకునేదాకా వాదించుకుంటారు. ఇప్పటి వాదన, ఒక స్వరం పొట్టిగా ఉండాలా, ఇంకాస్త పొట్టిగా ఉండాలా అన్నదాని మీద.

"గా దానికా?" అన్నాడు గోల విని లోపలికొచ్చిన పెద్దబాపు. "మన చర్చి కమిటీ లెక్కనే ఉన్నది. మరి పాట ఎట్ల అయిపోతది?"

పెద్దమ్మ ఎందుకలా చేసిందో అమ్మాయి వాళ్లకు చెప్పింది. పెద్దమనిషి శ్రద్ధగా విని ఒక ప్రశ్న అడిగాడు. దాన్ని తెలుగులో చెప్పడానికి అమ్మాయి కొంచెం జంకింది.

"మంచి పద్ధతి అంటున్నారు. మరి మీ కోయిర్‌లో అలాంటి తగాదాలేమీ లేవా అని అడుగుతున్నారు."

అందరం గేటు వైపు చూశాం. ఆటోలోంచి మామ కూడా మా వైపే చూస్తున్నాడు.

పెద్దమ్మ భర్త వైపు తిరిగింది. "ఇన్నవా?"

"వాడే అలిగిండు. వాడే రావాలె."

"అలిగినోడు రావాలన్నడా ప్రభువు? నువ్వు పోవాలన్నడు."

పెద్దబాపు మెట్లు దిగి ఆటో దగ్గరికి నడిచాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో వినపడలేదు. తిరిగొచ్చేటప్పుడు మామ ముందు, పెద్దబాపు వెనక. బీరువా తాళం పెద్దబాపు చేతిలో ఉంది.

కీర్తన రెండు వేగాల్లోనూ వినాలన్నారు జర్మనీ వాళ్లు. విన్నాక మాలో ఒక్కొక్కరి అభిప్రాయం అడిగారు. మా కోయిర్‌లో ఆడవాళ్లను అది అడిగినవాళ్లు అంతదాకా లేరు. వెనక వరసలో ఉన్న అవ్వ వంతు వచ్చింది.

"ఎట్లయినా పాడుత బిడ్డా. నడుమ ఇంత ఊపిరి తీసుకోనియ్యుండ్రి. ఈయన సాగదీసినా సస్తున్న, ఆయన ఉరికిచ్చినా సస్తున్న."

చరణాలు బావ వేగంతో, పల్లవి బామ్మర్ది వేగంతో, నడుమ అవ్వకు ఊపిరి. అలా ఒప్పుకున్నారు. సాయంత్రం పెద్దబాపు అలవాటుగా చెయ్యెత్తాడు. జర్మనీ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు తప్ప ఆ చేతిని చూసినవాళ్లు లేరు. కాసేపటికి చెయ్యి దించి మామ వైపు చూశాడు. మామ తలూపాడు. పాట కదిలింది. పెద్దమ్మ పాడలేకపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది.

ఆ తర్వాతి ఆదివారం పెద్దమ్మ ఇంట్లో నేను బియ్యం ఏరుతున్నాను. ముందుగదిలో బావా బామ్మర్దీ అన్నానికి పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, కొత్త కీర్తన గురించి గొంతులు చించుకుంటున్నారు. నేను భయపడి లేవబోయాను.

"కూసో" అంది పెద్దమ్మ, కూర కలుపుతూ. "పని చేసుకుంటున్నరు."