ఎర్ర లారీ, తెల్ల లారీ

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ కాలర్ల మాస్టరు అంటారు. చేతులు, జేబులు ఎవరెవరో కుడతారు. కాలరు మాత్రం ఆయనదే. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మిషను ముందు నుంచి లేవడు. ఇంటికెళ్ళినా లేచి చెయ్యాల్సిన పనేముంది గనక? మేడమీద ఒక గది, మంచం, కుర్చీ. వంట వచ్చు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడమే రాదు. రాత్రి భోజనమంటే తీపి బన్నులు, పంచదార దండిగా వేసిన టీ.

పెళ్ళి సంగతి ఇవాళా రేపూ అంటూ ఉండగానే జుట్టు నెరిసింది. అయినవాళ్ళలో మిగిలింది అక్క ఒక్కతే. ఆవిడ వేరే ఊళ్ళో మనవల మధ్య తలమునకలుగా ఉంటుంది. పెళ్ళో చావో అయితే తప్ప తమ్ముడికి ఫోను చెయ్యదు. ఆవిడ్ని తప్పు పట్టడానికీ లేదు. ఈయన చేసినా "బాగున్నావా, బాగున్నా" దాటి మాట సాగేది కాదు.

కార్ఖానా యజమాని అందరికీ రక్తపరీక్షలు చేయించినప్పుడు ఈయన కాలేయం సంగతి బాగాలేదని తేలింది. స్కానింగులో కొవ్వు పట్టిందన్నారు. ఇక చూడండి. జన్మలో చుక్క ముట్టని మనిషి భుజం తట్టి, ఇస్త్రీ చేసే పెద్దాయన, "నంగనాచిలా ఉంటూనే ఇన్నాళ్ళూ భలే నెట్టుకొచ్చావు మాస్టరూ" అన్నాడు. కాలేయం చెడిందంటే సీసా పుణ్యమేనని లోకం ఎప్పుడో తీర్పు చెప్పేసింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు.

ఆ మాట ఎవరి ద్వారానో అక్క చెవిన పడింది. వాళ్ళ నాన్న తాగి తాగి కాలేయం చెడి పోయాడు. ఆ రోజుల్లో తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆవిడే. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది.

"తాగుతున్నావట్రా?"

"లేదక్కా."

"నాన్నా అదే మాట అనేవాడు. ఏదీ, ఎర్ర లారీ తెల్ల లారీ అను. గబగబా అనాలి."

నాన్న గుమ్మంలోకి రాగానే అమ్మ పెట్టిన పరీక్ష అది. నాలుక మడతపడితే ఆ రాత్రి పిల్లలు పక్కింట్లో పడుకునేవారు. ఈయన తడబడకుండా చెప్పాడు. అక్క నమ్మలేదు. మర్నాడు మళ్ళీ చేసింది. ఆ మర్నాడూ చేసింది. లారీలు అయ్యాక "ఏం తిన్నావ్" అనేది, బన్నులంటే తిట్టేది, తన మోకాళ్ళ నొప్పి చెప్పేది, చిన్న మనవడి అల్లరి చెప్పేది. సాయంత్రమయ్యేసరికి ఈయన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టాడు. చెయ్యని తప్పుకి తిట్లు తినడంలో అంత సుఖముంటుందని ఆయనకూ తెలియదు.

ఉండబట్టలేక అక్క ఓ రోజు స్వయంగా వచ్చి, తమ్ముణ్ణి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. కొత్త పరీక్షల ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"కాలేయం దెబ్బతింటే దానిలోని ప్రోటీన్లు కొన్ని రక్తంలోకి వస్తాయమ్మా. మొదట కనబడ్డవి అవే. దెబ్బ ఎందుకు తగిలిందో వాటితోనే తేలదు. రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఇంకోటుంది. రోజూ బాగా తాగేవాళ్ళలో దాని రూపు మారుతుంది. మీ తమ్ముడిది మారలేదు. ఇది తాగుడు జబ్బు కాదు. కదలకుండా కూర్చోవడం, తీపి, బరువు, ఇవీ కారణాలు. నడవమనండి, వండుకు తినమనండి. తగ్గుతుంది."

అక్క కళ్ళు తుడుచుకుంది. బస్సెక్కే ముందు తమ్ముడి చెయ్యి పట్టుకుని, "గుండెల మీంచి బండ దిగిందిరా. ఇక నీ గురించి బెంగ లేదు" అంది. ఆ మాటకి ఈయన గుండె జారిపోయింది.

భయపడినంతా అయింది. ఆ సాయంత్రం ఫోను రాలేదు. ఆ వారమంతా రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు ఈయన వీధి చివరిదాకా నడిచాడు. పొయ్యి వెలిగించి అన్నం, కూర వండుకున్నాడు. కంచం ముందు కూర్చున్నాక, ఈ పూట వండుకున్నానని చెప్పడానికి ఎవరూ లేరన్న సంగతి గుర్తొచ్చింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు.

"ఏంట్రా, ఒంట్లో బాగానే ఉందా?" అంది అక్క కంగారుగా.

బాగుందంటే మాట అక్కడితో అయిపోతుంది.

"ఎర్ర లారీ," అన్నాడు. తర్వాత కావాలనే నాలుక మడతేశాడు. "తెర్ర లాలీ."

తమ్ముడు తాగడని ఆవిడకి ఇప్పుడు తెలుసు.

"సరిగ్గా రావట్లేదురా," అంది అక్క. "రేపు మళ్ళీ చెబుదువుగాని. నేనే చేస్తాను."