అమ్మిరాజు రొమేనియా పాట

లారీ మీద డ్రమ్ములు, స్పీకర్లు, ఒక కీబోర్డు. రాయ్‌పూర్ ఊరేగింపుల్లో దీన్నే ధుమాల్ అంటారు. భన్‌పురి ధుమాల్ పార్టీలో కీబోర్డు మా అమ్మిరాజుది. తండ్రి రైల్వే ఉద్యోగానికి పలాస నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు రైలు వైపు కన్నెత్తి చూడలేదు.

రెండువేల ఎనిమిదిలో ఎవరి సెల్‌ఫోన్లోనో అతనికి ఒక రొమేనియా పార్టీ పాట దొరికింది. అక్కడి పల్లెల పెళ్ళి మేళంలోంచి పుట్టిన బాణీ అట. రొమేనియా ఎక్కడుందో మాలో ఒక్కడికీ తెలీదు. నన్నడిగితే, ఆ రాగం లోపల ఏడుస్తూనే ఉంటుంది, కాళ్ళని మాత్రం నిలవనివ్వదు. ఎన్ని సినిమా పాటలు వచ్చి పోయాయో! పదిహేనేళ్ళు దాటినా అది లేనిదే ఇక్కడ ఊరేగింపు కదలదు.

ఆ స్పీకర్ల పక్కనే ఏళ్ళ తరబడి కూర్చుని అమ్మిరాజు చెవులు పోగొట్టుకున్నాడు. మిషను పెట్టినా లాభం లేదన్నాడు డాక్టరు. ఈ సంగతి భార్య సుభద్రకీ, పక్కింటివాణ్ణి కాబట్టి నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పార్టీ నాయకుడు ధనుంజయ్‌కి తెలిస్తే ఆ రోజే లారీ దింపేస్తాడు.

"వాయించకపోతే నాను బతకనేను," అని నా ముందే ఏడ్చాడు.

అందుకని సుభద్ర లారీ పక్కనే నడిచేది. చెయ్యెత్తితే మొదలు, దించితే ఆపు. మిగతాది డ్రమ్ముల అదురుని బట్టి, ఆడేవాళ్ళ కాళ్ళని బట్టి నెట్టుకొచ్చాడు. అలా రెండేళ్ళు దొరకలేదంటే అతని మొండితనం చూడండి.

మొన్నటి వినాయక నిమజ్జనం రోజు, మిట్టమధ్యాహ్నం, శంకర్ నగర్‌లో ఆ పాటే ఎత్తుకున్నారు. అందులో ఒకచోట డ్రమ్ములన్నీ ఆగిపోతాయి. జనం రోడ్డు మీద చతికిలబడతారు. కీబోర్డు ఒక్కటే మోగుతుంది. మళ్ళీ డ్రమ్ములు పడగానే అందరూ లేచి గెంతుతారు. సరిగ్గా ఆ చోటే లారీ గుంతలో పడి కీబోర్డు వైరు ఊడింది. సుభద్ర చెయ్యి దించింది, ఊపింది, లారీని దబదబా బాదింది. మన మహానుభావుడు కళ్ళు మూసుకున్నాడు. ఆ పాటకి ఎప్పుడూ అంతే.

మోగని కీబోర్డు మీద వేళ్ళు పరుగెడుతూనే ఉన్నాయి. ధనుంజయ్ ఊడిన వైరు తీశాడు, అతని మొహంలోకి చూశాడు.

"అరే యార్! రాజన్నకి బిల్కుల్ ఇనపడ్డం నేదు!"

అప్పుడు కూర్చున్న జనంలోంచి ఎవరో ఆ రాగం అందుకున్నారు. మాటలెవరికీ రావు కదా, ఉత్త "లా లా". క్షణంలో వీధి వీధంతా పాడింది, ముసలీ ముతకా, బందోబస్తు కానిస్టేబుల్‌తో సహా. ఒక్క స్వరం తప్పలేదు. డ్రమ్ములవాళ్ళు సరైన చోట దెబ్బ వేశారు. జనం లేచి గెంతారు.

ఆ అదురుకి అమ్మిరాజు నవ్వుతూ కళ్ళు తెరిచాడు. ఎదురుగా ధనుంజయ్, చేతిలో వైరు. కీబోర్డు మోగలేదని అర్థమై నవ్వు ఆగిపోయింది. జనం మాత్రం సరైన చోటే గెంతుతున్నారు. సుభద్ర వైపు వంగాడు.

"మరి పాటెవులు పాడినారే?"

ఆమె చేతులు చాపి వీధంతా చూపించింది.

"అందరూనా? సరిగ్గా పాడినారా?"

ఆమె తలూపింది.

"నాకొక్క ముక్క ఇనపడనేదే, సుభద్రా," అని చంటిపిల్లాడిలా భోరున ఏడ్చాడు.