ల్యాబక్క మూడు కిలోమీటర్ల లెక్క

ఇరవై రెండేళ్లుగా మా కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో నిజమైన ప్రశ్న అడిగిన విద్యార్థి నాకు ఒక్కరే కనిపించారు. ఆవిడ పేరు హాజరుపట్టీలో లేదు. సిబ్బంది జాబితాలో ఉంది, అదీ చిట్టచివర, వాచ్‌మన్ కింద.

ఆవిడ ఫిజిక్స్ ల్యాబు అటెండరు. పిల్లలు ల్యాబక్క అనేవాళ్లు, మాకూ అదే అలవాటైంది. నలభై ఏళ్లుంటాయి. పదో తరగతి పరీక్ష రాసిన నెలకే పెళ్లి చేసేశారు. భర్త లారీ మెకానిక్కు. ఇంట్లో ఆ ఇద్దరూ, ఆవిడ అత్తగారూ. కటకాలు తుడవడం, లోలకాలకు దారాలు కట్టడం, థర్మామీటరు ఎవరు విరగ్గొట్టారో పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ల్యాబుకూ క్లాసుకూ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. ఆ గోడకు ఇవతల బీకర్లు కడుగుతూ పద్నాలుగేళ్లు పాఠాలు విన్నది. అవతల బెంచీల మీద కూర్చున్నవాళ్లు నిద్రపోయారు. ఈవిడ మెలకువగా ఉంది, అంతే తేడా. చివరికి ఒకరోజు పన్నెండో తరగతి ప్రైవేటుగా రాస్తానని ఫారం నింపింది. సంతకం కోసం తెస్తే ప్రిన్సిపాల్ దాన్ని రెండుసార్లు తిరగేసి చూసి, "కాలక్షేపానికా?" అన్నాడు.

ఫిజిక్స్ చెప్పేది సిలబస్ మాస్టారు. అది పిల్లలు పెట్టిన పేరు, ఎంతో ఆలోచించి పెట్టారు. ఏమడిగినా ఆయన నోటి నుంచి వచ్చే జవాబు "సిలబస్‌లో లేదు" అన్నదే. ఆయన నోట్సు పసుపుపచ్చబడిపోయి ఉంటుంది. దాని అంచున ఎర్రసిరాతో "ఇక్కడ జోకు" అని రాసి ఉండటం నా కళ్లారా చూశాను. ఏటా అదే రోజున, అదే జోకు. నవ్వని పిల్లల పేర్లు కూడా గుర్తు పెట్టుకుంటాడని వినికిడి.

ఒక మధ్యాహ్నం ల్యాబక్క ఆయన్ని అడిగింది. "సార్, వెలుతురుకి బరువు లేదన్నారు కదా. మరి బ్లాక్ హోల్ దాన్ని ఎలా పట్టుకుంటుంది?"

"సిలబస్‌లో లేదు. ముందు ఆ బీకర్ల సంగతి చూడు."

బీకర్ల సంగతి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. చేతిలో ప్రాక్టికల్ రికార్డు నుంచి చింపిన కాగితం. రాకెట్టు భూమిని వదిలి వెళ్లిపోవాలంటే ఎంత వేగం కావాలో చెప్పే సూత్రం పుస్తకంలోనే ఉంది. ఆవిడ అందులో భూమిని తీసేసి సూర్యుణ్ణి పెట్టింది, రాకెట్టు వేగం తీసేసి వెలుతురు వేగం పెట్టింది. సూర్యుణ్ణి ఎంత చిన్నగా నొక్కితే వెలుతురు కూడా బయటపడలేదో లెక్క కట్టింది. వ్యాసార్థం ఇంచుమించు మూడు కిలోమీటర్లు. గుణకారాల్లో తప్పులు కొట్టేసి, పక్కనే మళ్లీ శుభ్రంగా రాసింది.

నేను పుస్తకం తిరగేసి చూశాను. సరిగ్గా అంతే.

"రైటేనమ్మా. జవాబు కరెక్టుగా వచ్చింది."

"అదే సార్ నా భయం. దారి తప్పు కదా? ఈ సూత్రం బరువున్నవాటి కోసం రాసింది. బరువు లేని వెలుతురుకి వాడితే జవాబు ఎలా కలిసింది?"

అది తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న. నేనేమన్నానో చెబుతాను, సిగ్గేస్తున్నా సరే. "జవాబొచ్చింది కదా, దారి ఎవరిక్కావాలి?" అన్నాను. మా కాలేజీ గోడల మీద రంగులతో రాయించాల్సిన మాట అది. మేము అమ్మే సరుకే అది.

ఆవిడ ఇంట్లోనూ ఇదే గొడవ. అత్తగారికి చదువు రాదు. కోడలు కూరగాయలు తరుగుతూ బ్లాక్ హోల్ అంటే కృష్ణబిలమని, దాని గురించి చెబితే, ఆ ముసలావిడ చాటలో బియ్యం ఏరడం ఆపి అడిగిందట. "అందులో పడ్డోడికి పడ్డానని తెలుస్తుందా?"

ల్యాబక్క ఆ ప్రశ్నను నాకు మోసుకొచ్చింది. ఈసారి తప్పించుకోలేదు. రెండు రోజులు కూర్చుని చదివాను. బిలం మరీ పెద్దదైతే, అంచు దాటే క్షణంలో దాటినవాడికి ఏ తేడా తెలియకపోవచ్చునట. అది చదువుతుంటే నాకు మా స్టాఫ్ రూము కళ్ల ముందు మెదిలింది.

ఆ తర్వాతి ఆదివారం ఉదయం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. కొత్త అడ్మిషన్ల కోసం సిలబస్ మాస్టారు "అంతరిక్ష రహస్యాలు" మీద ఉపన్యాసం. సిలబస్‌లో లేనిది చెప్పడానికి ఆ ఒక్కరోజు ఆయనకు అభ్యంతరం లేదు. ప్రొజెక్టరు దగ్గర ల్యాబక్క నిలబడింది. తెర మీద ఒక నల్లటి సుడిగుండం బొమ్మ వేయించి, ఆయన గొంతు పెంచాడు.

"రేపు మన సూర్యుడు బ్లాక్ హోల్‌గా మారితే, ఎనిమిది నిమిషాల్లో భూమిని చెత్తను లాగేసినట్టు లాగేస్తుంది!"

జనం అబ్బురపడి చప్పట్లు కొట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

ల్యాబక్క చెయ్యెత్తింది. "సార్, బరువు అంతే ఉంటుంది కదా? మన దూరమూ అంతే. మీరు బోర్డు మీద రాసే సూత్రంలో ఉన్నవి ఆ రెండే. రెండూ మారకపోతే లాగే బలం ఎందుకు మారుతుంది? చలికి గడ్డకట్టి చస్తాం గానీ, తిరిగే దారిలోనే తిరుగుతాం కదా?"

మాస్టారి ముఖం జేవురించింది. "నువ్వు ఆ వైరు సరిగ్గా పెట్టమ్మా, బొమ్మ వణుకుతోంది" అన్నాడు. జనం నవ్వారు. ఆయన ధైర్యం చాలక ముందు వరసలో ఉన్న నా వైపు తిరిగాడు. "ఏం మాస్టారూ, మీరు చెప్పండి."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. తేలు కుట్టిన దొంగలా చేతిలో కరపత్రం మడతపెడుతూ కూర్చున్నాను. ల్యాబక్క నా వైపు ఒక్కసారి చూసి వైరు సరిచేసింది. బొమ్మ వణకడం ఆగింది. ఉపన్యాసం సాగింది.

మర్నాడే ఆవిడను ల్యాబు నుంచి స్టోరు గదికి మార్చారు. విరిగిన కుర్చీలు, పాత జవాబు పత్రాల కట్టలు, కిటికీ లేని గది. "క్రమశిక్షణ" అన్నాడు ప్రిన్సిపాల్. నేను స్టోరుకు వెళ్లి క్షమించమన్నాను.

"నాకెందుకు సార్ క్షమాపణ? మీకు తెలుసు, చెప్పలేదు. ఆయనకి తెలీదు, చెప్పాడు. మీ ఇద్దర్లో ఎవరు నయమో నాకు అర్థం కాలేదు" అని కుర్చీ కాలుకు మేకు కొట్టుకుంది.

ఆ మాటతో నేను నెల రోజులు సరిగా తినలేకపోయాను. తర్వాత, సాయంత్రం క్లాసులయ్యాక స్టోరుకు వెళ్లి కలనగణితం, అదే క్యాలిక్యులస్, చెబుతానన్నాను. సరేనంది. కానీ ప్రతి మెట్టు దగ్గరా "ఎందుకు?" అని ఆపేది. నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేసేవాణ్ణి. ఆ గదిలో మెల్లగా నలుగురు పిల్లలు చేరారు, తర్వాత పదిమంది. మాస్టారి దగ్గర అడగలేనివన్నీ ఆవిడ దగ్గర అడిగేవాళ్లు. తెలిస్తే చెప్పేది, తెలియకపోతే "తెలీదు, రేపు చూద్దాం" అనేది. ఆ ముక్క మా కాలేజీలో అంతకుముందు ఎవరి నోటా వినలేదు.

పరీక్షలో ల్యాబక్క పాసైంది, మార్కులు మాత్రం మామూలే. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసి, చివరి ప్రశ్నకు టైము చాల్లేదట.

మరుసటి ఏడు మళ్లీ తల్లిదండ్రుల సమావేశం. సిలబస్ మాస్టారు అదే తెర ముందు నిలబడి, "సూర్యుడు బ్లాక్ హోల్ అయితే భూమిని లాగేస్తుందని కొందరు అజ్ఞానులు అంటుంటారు. బరువు మారనప్పుడు బలం ఎలా మారుతుందండీ?" అన్నాడు. మళ్లీ చప్పట్లు. నేను లేచాను. "ఈ మాట పోయినేడు ఇదే హాల్లో మా ల్యాబక్క చెప్పింది. అజ్ఞానులెవరో కూడా అప్పుడే తేలింది" అన్నాను. ఏడాది ఆలస్యంగా వచ్చిన ధైర్యానికి విలువెంతో నాకు తెలుసు. వెనక వరసల్లో పిల్లలు మాత్రం ఈలలు వేశారు. ప్రిన్సిపాల్ నాతో రెండు నెలలు మాట్లాడలేదు, అది ఒక విధంగా విశ్రాంతి.

సంగతి స్టోరులో చెబితే ల్యాబక్క గట్టిగా నవ్వింది. "పోన్లెండి, పాఠమైతే బాగుపడింది. మనిషి బాగుపడటం సిలబస్‌లో లేదేమో" అంది.

ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఫిజిక్సు, లెక్కలు గట్టెక్కాయి. ఇంగ్లిషు పేపరు పోయింది. మళ్లీ రాస్తానంటోంది. వెలుతురు సంగతి మాత్రం ఇద్దరికీ ఇంకా పూర్తిగా అందలేదు. దానికి కావలసిన గణితం నాకే సరిగా రాదు. వారానికి మూడు సాయంత్రాలు, ఒకే పుస్తకం ముందు, పక్కపక్కన కూర్చుని నేర్చుకుంటున్నాం.