తలకిందులైన పెద్దమాస్టారు

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లోని హైస్కూల్లో నేను సైన్సు చెప్పే రోజులవి. టచ్ ఫోన్లు అప్పుడప్పుడే ఆ ఊళ్లోకి వస్తున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లల చేత ‘కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది’ అని మళ్లీ మళ్లీ చెప్పిస్తుంటే, కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల ఆవులిస్తూనే అడిగింది.

“అది ఎలాగెళ్తే మనకేటి టీచర్?”

కోపం తెచ్చుకుందామంటే, ఆ ప్రశ్న నాకూ న్యాయంగానే తోచింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఈ మాట చెబితే డ్రాయింగు మాస్టారు పగలబడి నవ్వారు. “గదినే కెమెరా చేసీద్దాం రండి. కనబడ్డవన్నీ నేను గీయిస్తాను” అన్నారు. తెలుగు టీచరు కూడా చేయి కలిపారు. క్రికెట్ ఆటకి చెప్పినట్టు పిల్లల చేత కామెంటరీ చెప్పిస్తానన్నారు, అదీ అచ్చ తెలుగులో.

మర్నాడు పిల్లలు బియ్యం గోనెసంచులతో కిటికీలన్నీ మూసేశారు. గేటువైపు కిటికీకి నల్ల అట్ట బిగించి, దానికి బఠాణీ గింజంత కంత పెట్టాం. ఎదురుగా తెల్ల దుప్పటి కట్టి తలుపు వేసేశాం.

“బొమ్మేదీ? మా మావ ఫోన్లో ఇంతకన్నా బాగా కనిపిస్తాది” అని చీకట్లో ఒకడు గొణిగాడు.

కళ్లు అలవాటు పడనీయమన్నాను గానీ, బొమ్మ పడుతుందో లేదోనని నాకూ అనుమానంగానే ఉంది.

కాసేపటికి దుప్పటి మీద నీలం ఆకాశం కింద, ఎర్రమట్టి పైన తేలాయి. తర్వాత ఒక మేక కాళ్లు పైకి పెట్టి తాపీగా నడుచుకుంటూ పోయింది. గది హోరెత్తింది. డ్రాయింగు మాస్టారు “గియ్యండి, గియ్యండి” అంటున్నా వినే నాథుడు లేడు.

అంతలో తెల్లచొక్కా ఒకటి దుప్పటి మీదికొచ్చింది.

“ఒసే, పెద్దమేస్టారే! ఆ పొట్ట సూడు!” అంది కిటికీ పక్క పిల్ల.

గేటు దగ్గర ఐసు కొనకూడదని మా పెద్దమాస్టారు అంతకుముందు వారమే ప్రేయరులో పిల్లలందరికీ గట్టిగా చెప్పారు. ఇప్పుడు అదే గేటు దగ్గర ఐసు అమ్మే అతని ఎర్రపెట్టె సైకిలు ఆగి ఉంది. కామెంటరీ కుర్రాడు అచ్చ తెలుగు మర్చిపోయాడు.

“పెద్దమేస్టారు గేటు కాడికి ఎల్పోనారు... ఇటు సూసినారు, అటు సూసినారు... పెట్టి మూత తీయించీసినారు... ఓలమ్మో, పుల్లైసు! నోట్లో ఎట్టీసినారు!”

నేను ఆపాలి. ఆపలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను.

మా గోల బయటికి వినిపించినట్టుంది. తెల్లచొక్కా ఇటు తిరిగింది. దగ్గరయ్యేకొద్దీ పెద్దదై దుప్పటంతా నిండింది. ఉన్నట్టుండి గది పూర్తిగా చీకటైపోయింది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని ఆయన కంతకి కన్ను ఆనించారు మరి.

తలుపు తీసేసరికి ఆయన పెదాలు నారింజరంగులో ఉన్నాయి.

“ఏటి ఆ నవ్వులు?”

అందరూ తలలు దించుకున్నారు. కిటికీ పక్క పిల్ల మాత్రం లేచి నిలబడింది. “మీ తలకాయ మీంచి వచ్చిన ఎలుగు కంతలోంచి తిన్నగా కిందకెళ్తాది సార్. కాళ్ల మీంచి వచ్చిందేమో పైకెళ్తాది. అందుకే మీరు తలకిందులుగా ఐసు తిన్నారు.”

ఆయన పెదాలు తుడుచుకున్నారు. తర్వాత బెంచీ లాక్కుని కూర్చుని, నావైపు తిరిగి, “మీరెళ్లి గేటు కాడ నించోండి టీచర్. నేనూ సూస్తాను” అన్నారు.

ఎండలో గేటు దగ్గర నిలబడ్డాను. “సేతులూపండి!” అని ఆయన గొంతు. ఊపాను. “గెంతండి టీచర్!” అని పిల్లల గొంతులు. గెంతాను. గోనెసంచుల వెనకనుంచి వచ్చిన నవ్వుల్లో అందరికన్నా పెద్దది ఆయనదే. ఐసు అమ్మే అతను నావైపు జాలిగా చూసి, “ఎండదెబ్బ తగిలీసిందేటమ్మా?” అంటూ ఒక పుల్లైసు నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ప్రేయరులో ఐసు ప్రస్తావన రాలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి పిల్లలు నాకు చెప్పకుండానే అట్టకి రెండో కంత పొడిచేసి, డ్రాయింగు మాస్టారిని గేటు దగ్గర నిలబెట్టేశారు. దుప్పటి మీద ఇద్దరు డ్రాయింగు మాస్టార్లు పక్కపక్కనే తలకిందులుగా వేలాడుతున్నారు. “మూడోది పొడిస్తే ముగ్గురొస్తారా టీచర్?” అని ఒకడు. కంత పెద్దది చేస్తే ఏమవుతుందని ఇంకొకడు. నేను నోరు తెరిచేలోపే కిటికీ పక్క పిల్ల కంపాసు ముల్లు పట్టుకుని అట్ట దగ్గరికి వెళ్లిపోయింది.