గెడ్డ అవతలి వాలు

రిటైర్మెంటుకి రెండేళ్లుందనగా, వానలకి ముందు, నన్ను అరకు దగ్గర ఘాటు రోడ్డు సర్వేకి వేశారు. పోస్టు ఫీల్డు అటెండరు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. క్యాంపులో జియాలజిస్టు మేడం, ఆవిడ తర్వాత డ్రైవరు, వంటమనిషి, ఆఖర్న నేను. నా కింద పనిచేసేది సుత్తి ఒక్కటే.

వెడల్పు కోసం కొండని కోసిన చోట రాతిపొరలు ఎటు వాలాయో కొలవాలి. ఆ వాలుని డిప్ అంటాం. పొర కొండలోపలికి వాలితే భయం లేదు. రోడ్డువైపు వాలితే వానకి జారుతుంది, గోడ కట్టాలి. నేను పొర మీద క్లైనోమీటరు, అంటే వాలు కొలిచే చిన్న పెట్టె, ఆనించి అంకె, దిక్కు అరిస్తే మేడం రాసుకునేవారు.

నాలుగు చోట్ల పొరలు లోపలికే వాలాయి. ఐదోది గెడ్డ అవతల, అంటే వాగు దాటి ముళ్లలోంచి ఎక్కాలి. మేడం కాలు బెణికి, మలుపు వెనక జీపులోనే ఉన్నారు. ఆ పైన కాఫీ తోట సోమన్న అనే రైతుది. అతను నీళ్లు పట్టుకునే ఎండు సొరకాయ బుర్ర భుజాన వేసుకుని దిగొచ్చి, "అటేపు రాయి రోడ్డుకే ఒరిగింది బావు. నిన్న ఆనపబుర్ర కడిగి నీళ్లొంపితే ఇటే పారాయి. రా, బేగి సూసొచ్చేద్దుం" అన్నాడు.

"మావా, నీ ఆనపబుర్రకి గవర్నమెంటు సీలుందా? నా పెట్టెకుంది" అన్నాను. నాతో గెడ్డ దాకా వచ్చిన డ్రైవరు పగలబడి నవ్వాడు. సోమన్న కూడా నవ్వాడు. నేను ఎక్కలేదు. నాలుగోచోటి దిక్కునే చెప్పి, అంకెని మాత్రం అనుమానం రాకుండా రెండు డిగ్రీలు తగ్గించి అరిచేశాను.

మడతల సంగతి తెలీక కాదు. ఈ కొండల రాయి ఒకప్పుడు భూమి లోతున వేడికి మెత్తబడి ఉండగా రెండు పక్కల నుంచీ ఒత్తిడి పడింది. నేల మీది కంబళిని చెరోవైపు నుంచీ నెట్టినట్టు మడతలు పడింది. మడత నెత్తి దాటగానే వాలు తిరగబడుతుంది. కొత్త ట్రైనీలకి కంబళి పరిచి, నవ్విస్తూ ఇదంతా చూపించేది నేనే.

ఐదో చోట గోడ కట్టలేదు. శ్రావణంలో ముసురు పట్టిన మూడో రోజున పొర పలకలా జారింది. రోడ్డు మీద మనుషులు లేరు. సోమన్న తోట మాత్రం మిరియాల తీగెలతో సహా కిందికొచ్చేసింది.

మేం వెళ్లేసరికి బురదలోంచి మొక్కలు లాగుతున్నాడు. తిట్టలేదు. "ఆ యేళ ఓపాలి ఎక్కి సూడాల్సింది బావు" అన్నాడంతే.

ఐదో చోట ఎక్కకుండానే అంకె అరిచానని జీపెక్కాక మేడానికి చెప్పేశాను. రిపోర్టు మీద సంతకం మేడంది కనక ఆఫీసులో మాటలు ఆవిడే పడ్డారు. నా పేరు ఎక్కడా బయటికి రానివ్వలేదు.

మడతపడ్డ కొండలో ఒక చోటి వాలు పక్క చోటికి పనికిరాదు. పొర మీద పెట్టెను ఆనించకుండా అంకె చెప్పకూడదు. ఈ రెండూ నాకు ఆ రోజుకి ముందే తెలుసు.