సముద్రంలో తేలిన పరుపు

పర్చూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో నాది. బడి నన్ను తట్టుకోలేక తొమ్మిదో తరగతిలోనే వదిలేసింది. అప్పటి నుంచి నేను ప్రాణం పోసిన కంప్యూటర్లను వరసగా పేరిస్తే చిలకలూరిపేట దాటిపోతాయి. అలాంటి నన్ను మూడు వారాలు ఏడిపించినవాడు హయాత్ బాబాయి.

బాబాయి దూదేకులాయన. ట్రాలీ ఆటోలో దూది ఏకే మిషను పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. గడ్డకట్టిన పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపుతాడు. కుట్టేది మాత్రం ఆయన భార్య నసీమున్నీసా పిన్ని. పన్నెండేళ్ళు అలా కలిసి తిరిగారు. పిన్ని చేతిలో సూది లేనప్పుడు ఫోను ఉండేది. కుట్టిన ప్రతి పరుపునూ ఫోటో తీసి, ఫోను నిండగానే నా కంప్యూటర్లో వేయించేది. పదకొండు వందల పైచిలుకు ఫోటోల్లో ఆమె ఉన్నది ఒక్కదాంట్లోనే. అది బాబాయి తీసింది. అంతకుముందు ఒకటి తీయబోయి, ఫోను తిరగేసి పట్టుకుని, తన ముక్కును తానే ఫోటో తీసుకున్నాడు. ఆ ముక్కును చూసే, ఈ ఫోటోలో పిన్ని దూది కుప్ప మీద కూలబడి, జుట్టు నిండా దూదితో, కళ్ళు మూతలు పడేలా నవ్వుతోంది.

రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పిన్ని పోయింది. అప్పటి నుంచి ప్రతి గురువారం బాబాయి నా పాత కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అందులోని ఫోటోల సాఫ్ట్‌వేర్, ఏ ఫోటో ఎక్కడ తీశారో మ్యాపు మీద ఎర్ర గుండుసూది గుచ్చి చూపిస్తుంది. బాబాయికి చదువు రాదు. సూదుల వెంట వేలు నడిపిస్తుంటే నేను ఊరి పేరు చదువుతాను. "ఇంకొల్లా? అక్కడే మీ పిన్ని చెప్పు తెగింది" అంటాడు.

ఒక గురువారం మ్యాపు రాలేదు. బూడిదరంగు పలక మాత్రం మిగిలింది.

"ఒరేయ్ ఏసుబాబూ, ఊళ్ళేయిరా?"

"ఎక్కడికి పోతాయి బాబాయ్! నువ్వు టీ తాగేలోపు లాక్కొస్తా."

ఆ టీ మూడు వారాలు నడిచింది. నెట్ చూశాను, బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్ పీకేసి మళ్ళీ ఎక్కించాను. ఆఖరికి తేలిందేమిటంటే, మ్యాపు నా కంప్యూటర్లో లేదు. ఎక్కడి నుంచో నెట్‌లో వచ్చేది. పాత సాఫ్ట్‌వేర్‌కి పంపడం మానేశారు. కొత్తదాన్ని నా ముసలి కంప్యూటరు మోయలేదు.

బాబాయి ఆ బూడిదరంగు పలక మీదే వేలు నడిపించాడు.

"నవ్విన ఫోటో ఏ ఊళ్ళోదో గుర్తు పెట్టుకోలేదురా. ఎక్కడికెళ్ళినా అదే వాకిలి, అదే దూది. సూది ఉందిగా, ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నా. ఒక్కసారి అక్కడికెళ్ళి కూచోవాల్రా."

అప్పుడు తట్టింది. మ్యాపు పోయినా, ఫోటో కడుపులో తీసిన చోటు చెప్పే అంకెలుంటాయి కదా! వివరాలు తెరిచాను. పదిహేను, యాభై తొమ్మిది. ఎనభై, ఆరు. ఆ వెనక ఇంకేవో చిల్లర అంకెలు, వాటిని వదిలేశాను. మధ్యలో తోకున్న చుక్క. ఆ తోకను స్క్రీను మీది ఈగమరక అనుకుని, చుక్కలే పెట్టి నా ఫోనులో కొట్టాను. సూది పోయి బాపట్ల అవతల సముద్రంలో పడింది.

"మీ పిన్ని చెరువులోనే కాలు పెట్టేది కాదు కదరా! సముద్రంలో పరుపు కుట్టిందా?"

"తిమింగలం పెళ్ళికి ఆర్డరేమో బాబాయ్."

తండ్రిని తీసుకెళ్ళడానికి వచ్చిన సిద్దికా నా భుజం మీదుగా తొంగి చూసింది. బాబాయి కూతురు, డిగ్రీ చదువుతోంది.

"అది చుక్క కాదన్నా. ఇవి డిగ్రీలు, అవి నిమిషాలు, ఆ చివరివి సెకన్లు. అరవైతో భాగిస్తూ కలపాలి. బళ్ళో చెప్పలేదా?"

"చెప్పేలోపే బడి నన్ను వదిలేసిందమ్మా."

తను భాగించి కొట్టింది. సూది సముద్రంలోంచి లేచి, మార్టూరు శివార్లలో ఒక పెంకుటింటి వాకిట్లో వాలింది.

మర్నాడు పొద్దున్నే నేనూ బాబాయీ ట్రాలీలో వెళ్ళాం. పక్క చేలో గ్రానైటు పాలిషింగు షెడ్డు లేచింది. రాయి కోసిన తెల్లనీళ్ళు కాలవలో పోతున్నాయి. వాకిలి మాత్రం ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఆ ఇంటావిడ సంతోషకుమారి బయటికొచ్చి, బండి మీది మిషను చూడగానే గుర్తుపట్టింది.

"రండి రండి! మీ ఆవిడ రాలేదేమండీ?"

నేను కాలవ వైపు చూశాను.

"లేదమ్మా. పోయింది" అన్నాడు బాబాయి.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లోపలి నుంచి పరుపు ఈడ్చుకొచ్చింది. "ఆవిడ కుట్టిందేనండీ. గడ్డలు కట్టి నడుం పట్టేస్తోంది. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. మీరే ఏకి పెట్టండి."

ఏకాలంటే కుట్లు కొయ్యాలి. పిన్ని ప్రతి వరస చివరా ఎర్రదారంతో రెండు ముళ్ళు వేసేది. బాబాయి ఆ పరుపు మీద కూర్చుని ముళ్ళన్నీ వేలితో తడిమాడు. తర్వాత బ్లేడు తీశాడు. మూడు పక్కలు కోశాడు. నాలుగో పక్క ముట్టుకోలేదు.

మధ్యాహ్నానికల్లా వాకిలంతా తెల్లటి దూది. నింపాక మూడు పక్కలూ తనే కుట్టాడు, వంకరటింకరగా.

"ఈ పక్క విప్పనే లేదేంటండీ?" అంది ఆవిడ.

"అది గట్టిగానే ఉందమ్మా."

వెళ్ళబోతూ నా ఫోను అడిగాడు. ఆ నాలుగో పక్కను తనే ఫోటో తీస్తాడట. నొక్కి నాకిచ్చాడు. చూస్తే, తెర నిండా ఆయన ముక్కు.

నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. బాబాయి నా వైపు చూడలేదు. ఇందాక దూది కుప్ప పోసిన చోటు వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.